లింకు తోకలూ, నా కుళ్లూ

ఉద్యోగంలో చేరిన కొత్తలో మీకు పెద్దవాళ్లు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, పక్కవాళ్లని చూసి కుళ్లుకోవద్దని. నేనా మాట చెప్పను. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను కుళ్లుకుంటానే చేసినాను. పనేమీ చెడలేదు. నా చేత ఒకటి రెండు మంచి పనులు చేయించింది కూడా ఆ కుళ్లే. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూచున్నాను కాబట్టి దాన్ని దాచుకోవాల్సిన పని లేదు.

మీరు ఫోన్లో ఏదో ఒక పేజీ చూస్తారు, నచ్చితే ఆ లింకు ఇంకొకరికి పంపిస్తారు. ఆ లింకును ఎప్పుడన్నా మొత్తం చదివినారా? ముందర సైటు పేరుంటాది. తర్వాత పేజీ పేరు. ఆ తర్వాత ఒక ప్రశ్నార్థకం, దాని వెనకాల మూరెడు అక్షరాలూ అంకెలూ. అందులో చానా మటుకు మీకు పనికొచ్చేది కాదు. ఈ లింకు ఎవరు పంపినారు, యాడి నుంచి పోయింది అని ఎవరో లెక్క పెట్టుకునేదానికి తగిలించిన తోక అది. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేండ్లకి, ఆ తోక మీద నేనూ ఇంకొకాయనా పోట్లాడుకున్న కత ఇది. పోట్లాడుకున్నామంటే, నేను పోట్లాడినాను. ఆయన పోట్లాడినట్టు నాకు జ్ఞాపకం లేదు.

తొంభైల్లో నేను మదనపల్లెలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెప్తా ఉంటిని. టైపు మిషన్లు మూలకు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు నాతో ఉన్నవాళ్లు చానామంది ఆ పని వదిలేసినారు. నేను వదల్లా. పుస్తకాలు కొనుక్కోని వెబ్ పేజీలు రాసేదీ, వాటిల్లో చిన్న చిన్న స్క్రిప్టులు పెట్టేదీ సొంతంగా నేర్చుకున్నాను. అది చూసి ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లు నన్ను పనిలోకి తీసుకున్నారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడూళ్లలో వాళ్లు సమాచార కేంద్రాలు పెట్టినారు. నాకు పుంగనూరు ఇచ్చినారు. ఇల్లేమో మదనపల్లెలో. దినామూ బస్సులో పోయి రావాల.

మా పని ఏమంటే, రైతులకీ చదువుకునే పిల్లోళ్లకీ పనికొచ్చే సంగతులు మా సంస్థ సైటులో పేజీలుగా పెట్టడం, వాటి లింకులు జనానికి అందించడం. టమాటా ధరలకొక పేజీ, స్కాలర్‌షిప్పులకొక పేజీ, పరీక్ష ఫలితాలకొక పేజీ. వాటిల్లో ముప్పాతిక భాగం నేను రాసినవే, ఆ మాట ముందే చెప్పేస్తాను. సెంటర్లో ఉండేది రెండు కంప్యూటర్లు, వచ్చేది ఊరంత జనం. అందుకని ప్రతి సెంటరు ముందరా ఒక నల్లబోర్డు పెట్టి, ఆ దినం లింకులు సుద్దముక్కతో రాస్తా ఉంటిమి. జనం వాటిని చీటీల మీద ఎక్కించుకోని పోయి, వాళ్లకు దగ్గరుండే నెట్ సెంటర్లో తెరిపించుకునేవాళ్లు. కొందరు బెంగళూరులో ఉండే బంధువులకు ఫోన్ చేసి ఒక్కొక్క అక్షరమే చదివి వినిపించేవాళ్లు. మీకిప్పుడు నవ్వొస్తాది. మాకప్పుడు అది పెద్ద ఏర్పాటు.

తోక తగిలించింది మా పైవాళ్లు. మాలో ఎవరు సైటులోకి పోయి లింకు కాపీ చేసుకుంటే వాళ్ల గుర్తు దాని చివర తనంతట తానే అతుక్కునేది. ఆ లింకు ఎంతమంది తెరిస్తే అంత లెక్క ఆ మనిషి పేరున పడేది. నెలాఖరుకి ఎవరివి ఎక్కువ తెరుచుకున్నాయో బెంగళూరు నుంచి మెయిల్ వచ్చేది. ప్రతి నెలా పైన కుప్పం, కింద నేను. పేజీలు రాసేది నేను, పేరు ఆయనకి. సొమ్మొకడిది సోకొకడిదని ఊరికే అన్లేదు పెద్దలు.

కుప్పం సెంటరు చూసే ఆయన నాకంటే నాలుగైదేండ్లు చిన్న. తల నున్నగా దువ్వుకోని, ఇస్త్రీ చొక్కా వేసుకోని, పాత టీవీఎస్ మీద రామకుప్పం పక్క పల్లెలన్నీ తిరిగేవాడు. ఎవరింటి ముందరైనా బండాపితే కాఫీ వచ్చేది. పేరు చివర అప్ప తగిలించేది ఆ పక్క మామూలే కదా, ఈయన అసలు పేరు మరిచిపోయి జనం "నెట్టప్పా" అని పిలిచేవాళ్లు. పుంగనూరులో నన్ను అందరూ మేడమ్ అనేవాళ్లు. మేడమ్ అంటే మర్యాద ఇచ్చినట్టే గానీ దగ్గరికి తీసుకున్నట్టు కాదు. ఒక ముద్దుపేరు మీద కూడా కుళ్లు పుడుతుందా అంటే, పుడుతుంది. నాకు పుట్టింది.

ఇట్లుండగా మాకిద్దరికీ పైన ఉండే కోఆర్డినేటరు సారు, పని వదిలేసి సొంతూరికి పోతానన్నాడు. ఆయన మదనపల్లె సెంటర్లోనే కూచునేవాడు. ఆ కుర్చీ మా ఇంటికి నడిచిపోయేంత దూరం. పైగా మేమిద్దరం కాంట్రాక్టు మీద ఉండాము, ఏడాదికొకసారి ఉంటామో పోతామో తెలీదు. ఆ కుర్చీ మాత్రం పర్మనెంటు. వేసవి దాటినాక మా సంస్థ పెద్దసారు బెంగళూరు నుంచి వచ్చి, లింకుల లెక్కలు చూసి మా ఇద్దర్లో ఒకరికిస్తాడని చెప్పినారు. బస్సు కోసం స్టాండులో నిలబడిన ప్రతి పొద్దునా నేను ఆ కుర్చీ గురించే తలపోసుకుంటా ఉంటిని.

ఆ తర్వాతి నెల మెయిల్ వచ్చింది. చూస్తే కుప్పం అడుగున ఉండాది. అడుగున అంటే ఊరికే తగ్గడం కాదు, లేనట్టే. ఆ దినం ఇంటికి పోయి పాయసం చేసినాను. మా ఆయన "ఏం విశేషం?" అంటే "ఊరికే, తినాలనిపించింది" అన్నాను. రెండో నెలా అంతే. అయితే రెండో నెల నా లెక్క కూడా కొంచెం తగ్గింది. నేను పొద్దున్నే లింకులు కాపీ చేసి మెయిల్లో కుప్పానికి కూడా పంపిస్తా ఉంటిని, ఆడ తెరుచుకునేవి కొన్ని నాకు పడేవి. అవి పడటం ఆగిపోయింది. ఏమిటా అని కోఆర్డినేటరు సారుని అడిగితే ఆయన నవ్వినాడు.

"నీకు తెలీదామ్మా? కుప్పమాయన ఏదో స్క్రిప్టు రాసుకున్నాడంట. లింకు దాంట్లో పెట్టి బటన్ నొక్కితే తోక తెగిపోతాదంట."

నాకు రెండు రకాలుగా మండింది. స్క్రిప్టులు రాసేది మా ముగ్గుర్లో నేనొక్కదాన్నే అని నాకొక పొగరు ఉండింది, అది ఒకటి. నా తోకలు కోసే హక్కు ఆయనకెవరిచ్చినారు, అది రెండు. మరుసటి దినమే సెలవు పెట్టి, పలమనేరులో బస్సు మారి కుప్పం పోయినాను. దోవ పొడుగునా ఏమేం తిట్టాలో సర్దుకుంటానే పోయినాను.

సెంటరు ముందర జనం మూగి ఉండారు. ఆయన బోర్డు కాడ నిలబడి లింకులు రాస్తాండాడు. నన్ను చూసి సుద్దముక్క కింద పెట్టి, "రాక్కా, ఇంత దూరం వచ్చినావే" అన్నాడు. అక్కా అన్నందుకు ఇంకా మండింది.

"నా లింకుల తోకలు యాల కోస్తాండావప్పా?" అన్నాను, నలుగురిలోనే.

"నీవే కాదక్కా, నావీ కోస్తాండాను. సూడు." బోర్డు చూపించినాడు. మా పుంగనూరు బోర్డు మీద ఒక్కొక్క లింకు మూడు వరసలు పట్టేది. ఈడ ప్రతిదీ ఒక్క వరసే, ఆడుకునే పిల్లోళ్లు కూడా చూసి రాసుకునేట్టు. "తోక ఎక్కిస్తే సుద్దముక్కలు సాలవు. రాసుకునేవాళ్లు ఒక్క అక్షరం తప్పితే ఆ పేజీ తెరుసుకోదు."

"లెక్క పడొద్దా? ఆ కుర్చీ వద్దా నీకు?"

"ఎవరికి వద్దక్కా? మాయమ్మ దినామూ అడగతాది, పర్మనెంటు అయిందా అని. కానీ ఈ జనం వచ్చి తెరుసుకోలేదప్పా అంటే ఏం సెప్పేది?"

అంతలో పక్కన నిలబడిన ఒక పెద్దాయన నా తట్టు తిరిగినాడు. ఆయనది రామకుప్పం అవతల పల్లె. రాగి చేను ఏనుగులు తొక్కేసినాయంట, నష్టపరిహారం సంగతులుండే పేజీ కావాల. "అమ్మా, ముందర పొడుగుది రాసుకోని పోతి. మూడు తూర్లు పోయినా తెరుసుకోలా. ఆ నెట్టు పిల్లోడు తప్పు రాసుకున్నావు పో తాతా అంటాడు. ఈ పొట్టిది తీసుకోని పోతే ఒకే దెబ్బకి వచ్చె" అన్నాడు.

మా పుంగనూరులో ఎవరూ ఇట్లా చెప్పలేదే అనుకున్నాను. అదే మాట బయటికి అన్నాను కూడా. నెట్టప్ప కొంచెం నసిగి, "నీ పక్కోళ్లు కూడా నాకు ఫోన్ చేస్తాండారక్కా. రామసముద్రం నుంచి ఇద్దరు ముగ్గురు. పొట్టిది సెప్పప్పా అని" అన్నాడు.

రామసముద్రం నాకు కూతవేటు దూరం. అక్కడివాళ్లు నన్ను దాటుకోని, కొండలు దాటుకోని, కుప్పానికి ఫోన్ చేస్తాండారు. ఆ మాట నన్ను కోసినంతగా ఇంకేదీ కోయలేదు. లెక్కలు తగ్గితే తగ్గినాయి, కుర్చీ పోతే పోయింది, నా జనం నాకు చెప్పుకోకుండా ఆయనకి చెప్పుకోవడమేంది? తిట్టేదానికి పోయినదాన్ని, ఆయన తెప్పించిన కాఫీ తాగి, స్క్రిప్టు ఒకసారి చూపించమన్నాను.

చూపించినాడు. ఒక పేజీ, దాంట్లో ఒక పెట్టె, కింద ఒక బటన్. లోపల రాసింది రెండే వరసలు. ప్రశ్నార్థకం యాడ కనబడితే ఆడికి నరికెయ్, మిగిలింది చూపించు. ఇంతే. ఇంత చిన్న సంగతి నాకు ఎందుకు తోచలేదని బస్సులో మదనపల్లె దాకా కుమిలిపోతానే వచ్చినాను. స్క్రిప్టు రాయడం నాకు తెలుసు. రాయాల్సింది ఏదో ఆయనకి తెలిసింది.

కోఆర్డినేటరు సారు దాన్ని మెచ్చుకోని మూడు సెంటర్లలోనూ పెట్టమన్నాడు. నేనూ పెట్టినాను. పెట్టకుంటే కుళ్లని తెలిసిపోతాది కదా.

అట్లే వాడుకుంటా ఉండగా ఇంటర్ ఫలితాలొచ్చిన దినం వచ్చింది. పొద్దున్నుంచే సెంటర్ల ముందర పిల్లోళ్లు, వాళ్ల వెనకాల తల్లిదండ్రులు. ఫలితాల లింకు రాగానే స్క్రిప్టులో వేసి తోక కోసి మూడూళ్లలోనూ బోర్డు మీద ఎక్కించినాము. తెరిస్తే ఫలితాలు రావు. మా సైటు మొదటి పేజీ వస్తాది, టమాటా బొమ్మతో. మళ్లీ కొట్టినా టమాటానే. పుంగనూరులో ఒక తండ్రి "ఏందమ్మా, మా పాప మార్కులడిగితే టమాటాలు చూపిస్తావే" అని అరిచినాడు. ఇంతలో కుప్పం నుంచి ఫోన్.

"అక్కా, కొంప మునిగింది. తోక కొయ్యమంటే తల కోసేసింది నా కత్తెర."

నాకప్పుడు కలిగిన సంతోషం ఎంతని చెప్పేది? బయట జనం అరస్తాండారు, పిల్లోళ్లు ఏడ్చేదానికి సిద్ధంగా ఉండారు, నేను మాత్రం ఫోన్ పట్టుకోని లోపల్లోపల నవ్వుకుంటాండాను. తప్పు యాడుందో నాకు చూడగానే తెలిసింది. ప్రశ్నార్థకం వెనకాల ఉండేదంతా తోక కాదు. ఏ పరీక్ష, ఏ సంవత్సరం అని చెప్పే ముక్కలు కూడా దాని వెనకాలే ఉంటాయి. అవి పోతే పేజీకి తానేం చూపించాలో తెలీదు. ఆయన కత్తెరకి ఆ తేడా తెలీదు, అంతా ఒకటే.

ముందరైతే బోర్డు తుడిచి మొత్తం లింకే రాసినాను, తోకతో సహా. జనం రాసుకోవడం మొదలుపెట్టినారు. అప్పుడు కూచుని స్క్రిప్టు తిరగరాసినాను. ప్రశ్నార్థకం వెనకాల ఉండేదాన్ని ముక్కలు ముక్కలుగా విడదీయాల. ఒక్కొక్క ముక్క పేరు చూడాల. అది మన లెక్కల ముక్క అయితే పారెయ్యాల, కాకుంటే ఉంచాల. ఉంచినవి మళ్లీ వరసగా అతికించాల. పెద్ద విద్యేమీ కాదు, కానీ బయట జనం అరస్తా ఉంటే రాయడం కష్టం. ఆ పూట మొత్తం లింకే ఉంచేసి నేను ఊరకుండచ్చు. నా తోకకి నా లెక్కలు దండిగా పడేవి, ఫలితాల దినం కదా. కానీ ఆయన సగం చేసిన పని నేను పూర్తిగా చేసి చూపించాలని నా పంతం. రాసి, రెండు తూర్లు సరిచూసి, కుప్పానికీ మదనపల్లెకీ మెయిల్ కొట్టినాను.

కాసేపటికి మళ్లీ ఫోన్. "వచ్చేసిందక్కా. పొట్టిగానే ఉండాది, మార్కులూ వస్తాండాయి." వెనకాల పిల్లోళ్ల కేకలు వినబడతాండాయి. "పుంగనూరు మేడమ్ సేసిందప్పా ఇది" అని ఆయన వాళ్లకు చెప్తా ఉండేది కూడా వినబడింది. ఎవరు వింటారు? ఆ సాయంత్రానికి మూడూళ్లలోనూ దానికి పేరు పడిపోయింది, నెట్టప్ప కత్తెర అని. మా మదనపల్లె సెంటర్లో ఊడ్చే ఆమె నోట కూడా అదే పేరు. రాసింది నేనని నేనే చెప్పుకుంటే "అవునా మేడమ్" అని, మరుసటి దినం మళ్లీ అదే పేరు.

వేసవి దాటినాక పెద్దసారు వచ్చినాడు. మదనపల్లె సెంటర్లో గోడ మీద లెక్కల బొమ్మ వేసి చూపించినాడు. బోర్డు మీద తోకలు కోసినా, స్కూళ్లకు నేను మెయిల్లో పంపే లింకులకి తోక అట్లే ఉండేది కాబట్టి నా గీత కొంచెం పైకీ కిందికీ పోతా ఉండాది. కుప్పం గీత సగం దూరం నుంచి నేల మీద పాకతా ఉండాది.

"పుంగనూరు సంగతి సరే," అన్నాడు పెద్దసారు. "కుప్పం సెంటర్ని ఇంకా నడపడం అవసరమా అని నా అనుమానం. ఎవరూ వాడుతున్నట్టు లేదు." తర్వాత నా తట్టు చూసి, "కోఆర్డినేటర్‌గా మీరు ఎప్పటి నుంచి రాగలరు?" అన్నాడు.

కోఆర్డినేటరు సారు పైకప్పు చూస్తాండాడు. ఆ కత్తెర వాడమని చెప్పింది తానేనని చెప్పాలంటే ఆయనకి భయం, పోయే ముందర మాట పడటం ఎందుకని. నెట్టప్ప తల దించుకోని చొక్కా గుండీ తిప్పుకుంటాండాడు. ఒక్క మాట మాట్లాడితే ఆయన సెంటరు నిలబడతాది. మాట్లాడలా. తన గురించి తాను చెప్పుకోవడం ఆయనకి రాదని నాకప్పుడే తెలిసింది.

ఇప్పుడు మీరు అనుకుంటారు, నాకు జాలి కలిగిందని. జాలి కాదు. ఒళ్లు మండింది. ఏండ్ల తరబడి ఈ మనిషిని దాటాలని నేను తపస్సు చేస్తాంటే, ఈయన తన లెక్క తానే కోసేసుకోని పక్కకు తప్పుకుంటే, అది నేను గెలిచినట్టా? ఆ కుర్చీలో కూచున్నన్నాళ్లూ "నెట్టప్ప వదిలేస్తే ఈమెకి వచ్చింది" అని నా లోపలే ఒక గొంతు అంటానే ఉంటాది. నాకు ఆయన్ని ఓడించాలనుండింది. ఆయన దయ నాకక్కర్లేదు.

"సార్, ఆ బొమ్మ తప్పు," అన్నాను. "కుప్పంలో జనం లేక లెక్క పడిపోలేదు. లింకుల తోకలు కోసేసి రాస్తాండారు. కోసే స్క్రిప్టు ఈయన మొదలుపెట్టినాడు, ఇప్పుడు వాడేది నేను రాసింది. తోక లేకుంటే లెక్క పడదు."

పెద్దసారు ముఖం ఎర్రగా అయింది. "లెక్కే లేకుండా చేసుకుంటే, ఎవరు బాగా పనిచేస్తున్నారో నేనెలా తెలుసుకోవాలి?"

"బోర్డుల కాడ నిలబడి చూడండి సార్. రెండూళ్లలోనూ." ధీమాగానే అన్నాను. పేజీలు నావి, స్క్రిప్టు నాది. ఫలితాల దినం తర్వాత మా బోర్డు కాడ కూడా జనం పెరిగినారు. నిలబడి చూస్తే నేనే గెలుస్తానని నా నమ్మకం.

ఆయన నిజంగానే పోయినాడు. మా పుంగనూరు బోర్డు ముందర పొద్దున నుంచి ఒక పూట కూచున్నాడు. జనం వచ్చినారు, లింకులు రాసుకున్నారు, పోయినారు. అంతా క్రమంగా, నిశ్శబ్దంగా జరిగింది. నాకు గర్వంగానే ఉండింది. మరుసటి దినం కుప్పం పోయినాడు. ఆడ ఏం జరిగిందో నాకు తర్వాత ఆయన కారు డ్రైవరు చెప్పినాడు. జనం బోర్డు చదివి పోలేదంట. ఈ పేజీలో నా పల్లె లేదేమప్పా, ఆ పేజీలో చెప్పింది మాకు అర్థం కాలేదప్పా, అని నెట్టప్పని నిలదీసినారంట. ఆయన అవన్నీ రాసుకున్నాడంట. పెద్దసారుని కూడా ఎవరో "నువ్వెవరప్పా, కొత్తగా ఉండావే, కూచో" అని బెంచీ మీద జరిగి చోటిచ్చినారంట.

వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది. కుప్పం సెంటరు ఉంటుంది. కుర్చీ నెట్టప్పకి.

చార్జి తీసుకునేదానికి మదనపల్లె వచ్చిన దినం ఆయన నేరుగా నా దగ్గరికే వచ్చినాడు. "నువ్వు నోరు తెరవకుండా ఉండుంటే ఇది నీదేనక్కా" అన్నాడు.

"తెలుసు," అన్నాను. "గెలిచి నీ మీద కుళ్లుకునేదాని కంటే ఓడిపోయి కుళ్లుకునేది మేలు. కారణమన్నా ఉంటాది."

ఆయన నవ్వలా. "పేజీలు నువ్వే రాయాలక్కా. నాకు రాదు" అన్నాడు.

నేను పుంగనూరు బస్సు ఎక్కతానే ఉండినాను, రిటైరయ్యేదాకా. ఆ లెక్కల తోకలు తర్వాత పైవాళ్లే తీసేసినారు. మీలో ఎవరన్నా అడగొచ్చు, చివరికి ఆ కుళ్లు పోయిందా అని. కుర్చీలో కూచున్నాక ఆయన చెడిపోయుంటే, పొగరు చూపించుంటే, కనీసం పని సరిగ్గా చేయకుండా ఉండుంటే, పోయుండేదేమో. ఆయన నాకంటే బాగా చేసినాడు. అదొక్కటే నేనింకా మన్నించలేకుండా ఉండాను.